స్విచ్ దగ్గర గాలి బుస్సుమంటే స్విచ్ మార్చకండి

ఇంట్లో వాడుకునే చిన్న కంప్రెసర్‌లో మోటారు ఆగాక కూడా ప్రెషర్ స్విచ్ (గాలి నిండగానే మోటారును ఆపే స్విచ్) కింద బుస్సుమంటుంటే అందరూ చేసే పని ఒకటే. ఆటోనగర్ వెళ్లి కొత్త స్విచ్ కొనుక్కొచ్చి బిగిస్తారు. మళ్లీ అదే బుస్సు. మొన్న మా వీధి కుర్రాడు రెండో స్విచ్ కూడా చేత్తో పట్టుకుని వచ్చాడు. "అన్నా, ఇదీ డూప్లికేటేనా?" అన్నాడు. స్విచ్ బంగారంలా ఉంది నాయనా, పోయింది ఎన్నార్వీ అన్నాను.

ఎన్నార్వీ అంటే నాన్ రిటర్న్ వాల్వ్. హెడ్ నుంచి, అంటే పిస్టన్ గాలిని నొక్కే చోటు నుంచి, వచ్చే గొట్టం ట్యాంకులోకి దిగే చోట బిగించి ఉండే ఇత్తడి ముక్క. గాలిని లోపలికి పోనిస్తుంది, వెనక్కి రానివ్వదు. దాని పక్క నుంచి ఒక సన్న గొట్టం స్విచ్ కిందికి వెళుతుంది. మోటారు ఆగగానే హెడ్‌లో మిగిలిన గాలిని స్విచ్ కిందున్న అన్‌లోడర్ వదిలేస్తుంది. రెండు మూడు సెకన్లు తుస్సుమని ఆగిపోవాలి. ఆగలేదంటే ట్యాంకులోని గాలే ఎన్నార్వీ దాటి వెనక్కి వచ్చి ఆ దారిన పోతోందన్నమాట. మోటారు తిరుగుతున్నప్పుడే అక్కడ గాలి పోతుంటే మాత్రం తప్పు అన్‌లోడర్‌ది. అప్పుడు మార్చుకోండి స్విచ్, నేనేమీ అనను.

కొందరు మహానుభావులు అన్‌లోడర్ రంధ్రానికి బోల్టు బిగించి చప్పుడు మాన్పిస్తారు. ఇక పిస్టన్ మీద గాలి అలాగే నిలిచి ఉంటుంది. మోటారు లేవలేక మూలుగుతుంది. ఎండాకాలం సాయంత్రం వోల్టేజీ పడిపోయినప్పుడు ఇలా నాలుగుసార్లు మూలిగితే మోటారు వైండింగ్ కాలిన వాసన వస్తుంది.

చప్పుడు స్విచ్ దగ్గర కాకుండా ఇంకెక్కడో ఉంటే అన్ని జాయింట్లకూ సబ్బు నురగ రాయండి. నేనైతే కుంకుడు రసమే వాడతాను. షాంపూ నురగ చూస్తుండగానే విరిగిపోతుంది. కుంకుడు నురగ చిక్కగా నిలబడుతుంది, సూదిమొనంత లీకు ఉన్నా బుడగ ఉబ్బుతుంది. ట్యాంకు అడుగున నీళ్లు వదిలే డ్రెయిన్ కుళాయి దగ్గరా చూడండి. ఒత్తిడి మితిమీరితే గాలి వదిలేసే సేఫ్టీ వాల్వ్ లీకైతే రిపేరు ఆలోచనే వద్దు, అదే రేటింగ్‌ది కొత్తది వేయండి. దాన్ని మూసేసేవాళ్లతో నాకు మాటల్లేవు.

సామాను పెద్దగా ఏమీ అక్కర్లేదు. రెండు స్పానర్లు, పాత టూత్‌బ్రష్, టెఫ్లాన్ టేపు. స్క్రూ రెంచీ వద్దు, ఇత్తడి నట్టు మూలలు అరిగిపోతాయి.

ఇప్పుడు అసలు సంగతి, గాలి ఖాళీ చేయడం. మెయిన్ స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు పీకి మీ కంటికి కనిపించేలా పక్కన పెట్టండి. ప్లగ్గు పెట్టి ఉంటే గాలి తగ్గగానే మోటారు తనంతట తానే లేస్తుంది, వేళ్లు బెల్టు దగ్గర ఉన్నాయా అని చూడదు.

తరవాత డ్రెయిన్ కుళాయి మెల్లగా తిప్పి, పూర్తిగా తెరవండి. ముందు తుప్పు నీళ్లు వస్తాయి. కృష్ణ ఒడ్డున తేమకు రోజూ వదలకపోతే అరలీటరు చేరినా ఆశ్చర్యం లేదు. గాలి ఒత్తిడి చూపే మీటరు ముల్లు సున్నాకి రాగానే స్పానర్ అందుకోకండి. పాత మీటరు ముల్లు అడుగున ఇరుక్కుంటుంది, లోపల ఇంకా గాలి ఉండగానే సున్నా చూపిస్తుంది. కుళాయి దగ్గర అరచెయ్యి పెట్టి చూడండి. గాలి తగలకూడదు. తుప్పు అడ్డుపడి కూడా గాలి ఆగిపోవచ్చు కాబట్టి హోస్ చివర గన్ కూడా నొక్కి చూడండి. పని అయ్యేదాకా కుళాయి తెరిచే ఉంచండి.

ఇంత భయమెందుకంటే, 8 బార్ ఒత్తిడి అంటే చదరపు సెంటీమీటరు మీద సుమారు 8 కిలోల బరువు. అరంగుళం మర ఉన్న వాల్వ్ మీద పాతిక కిలోలకు పైనే. చివరి మర వదిలిందంటే ఆ ఇత్తడి ముక్క మీ మొహం మీదికే వస్తుంది. అందుకే నేను ఎప్పుడూ పక్కన నిలబడి విప్పుతాను. రెండు మరలు వదలగానే ఆగి వింటాను. చిన్న బుస్సు వినిపించినా చెయ్యి తీసేస్తాను. ఇంకోటి, ఇప్పుడే ఆపిన కంప్రెసర్ గొట్టం చెయ్యి కాలుస్తుంది. టీ తాగి రండి.

మిగతాది సులువు. గొట్టాలు రెండూ విప్పి, వాల్వ్ తీసి, మూత తెరిస్తే స్ప్రింగూ రబ్బరు బిళ్లా వస్తాయి. బిళ్ల మీద నల్లటి మసి, దాంట్లో గుచ్చుకున్న ఆవగింజంత తుప్పు ముక్క ఉంటుంది, అదే దొంగ. సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టండి. పెట్రోలు తగిలితే రబ్బరు ఉబ్బుతుంది. బిళ్ల మీద గాడి పడితే వాల్వే మార్చండి, గరుకు కాగితంతో రుద్దకండి.

టెఫ్లాన్ టేపును, వాల్వ్ కొస మీ వైపు పెట్టుకుని, గడియారం ముల్లు దిశలో 3 చుట్లు, మొదటి మర వదిలేసి చుట్టండి. కొస మీద చుడితే ఆ పీలిక లోపలికి పోయి ఏదో ఒక వాల్వ్ కింద ఇరుక్కుంటుంది.

డ్రెయిన్ మూసి, గాలి నింపి, ఆగనివ్వండి. ట్యాంకు చల్లారేటప్పుడు ముల్లు కాస్త దిగుతుంది, అది లీకు కాదు. అరగంట ఆగి మీటరు అద్దం మీద మార్కర్‌తో గీత పెట్టి పడుకోండి. పొద్దున ముల్లు గీత దగ్గరే ఉంటే సరే. బాగా దిగితే కుంకుడు రసం గిన్నె మళ్లీ తీయండి.