ఆర్ స్క్యూటి లెక్కకు అందడం లేదా? ముందు ఇవి చూసుకోండి

అనంతపురంలో మా మిద్దె మీద నుంచి నేను వదలకుండా చూసే చరతార ఆర్ స్క్యూటి. దాని వెలుగు 4.2 నుంచి 8.6 మ్యాగ్నిట్యూడ్ మధ్య మారుతుంది (ఇది తార వెలుగు కొలత, అంకె పెరిగేకొద్దీ తార మసకబారుతుంది), బైనాక్యులర్ చాలు. కొత్తగా చూసేవాళ్లు దాదాపు అందరూ ఈ కింది చోట్లే తికమక పడతారు.

సమస్య: ఒకే రాత్రి ఇద్దరి అంచనాల్లో అర మ్యాగ్నిట్యూడ్ తేడా.
కారణం ఎక్కువగా కళ్లే. ఫోన్ చూసి వెంటనే తల పైకెత్తితే మసక తారలు కనపడవు. ఇరవై నిమిషాలు చీకట్లో కూర్చోండి, టార్చికి ఎర్ర కాగితం చుట్టండి. 5.5, 6.1 ఉన్న రెండు పోలిక తారలకు (వెలుగు మారని, అంకె ముందే తెలిసిన తారలకు) సరిగ్గా మధ్యలో అనిపిస్తే 5.8 అని రాసుకోండి. నిన్నటి అంకె మాత్రం చూడొద్దు, చూస్తే చెయ్యి అటే పోతుంది.

సమస్య: ఇంకో చరతార డెల్టా సెఫై గ్రాఫ్ చెదిరిపోయింది.
తేదీ చూడండి. రాత్రి ఒంటి గంటకు చూసి ముందురోజు తేదీ వేసి ఉంటారు. 5.37 రోజులకోసారి వెలుగు చక్రం తిరిగే తారకు ఒక రోజు తప్పు చాలా పెద్దది.

సమస్య: అన్నీ సరిచూశాను, అయినా ఆర్ స్క్యూటి కిందటిసారిలా తగ్గలేదు.
ఇక్కడ తప్పు మీది కాదు. సుమారు 146 రోజుల చక్రంలో ఒక లోతైన కనిష్ఠం, ఒక తేలికపాటి కనిష్ఠం వస్తాయి. కానీ ఆ లోతులు ఏ రెండుసార్లూ ఒకేలా ఉండవు, ఒక్కోసారి వరసే తారుమారవుతుంది. పరిశీలకులు 31 ఏళ్లు రాసిన అంచనాలతో బుక్లర్, సెర్, కొల్లాత్, మాటెయి అనే శాస్త్రవేత్తలు 1995లో చూపించింది ఇదే: తార ఉబ్బుతూ తగ్గుతూ ఉండే ఈ స్పందన కేయాటిక్, అంటే నియమాల ప్రకారమే నడిచినా దూరం ఊహించలేనిది. తారలో రెండు రకాల ఊపులు ఉన్నాయి, రెండోది మొదటిదానికి దాదాపు రెట్టింపు వేగం. మొదటిది తనంతట తాను పెరుగుతుంది, రెండోది అణిగిపోవాలని చూస్తుంది. ఆ రెండూ ఒకదాన్నొకటి లాగుతుంటే నేటి చిన్న తేడా కొన్ని చక్రాలకే పెద్దదవుతుంది. అందుకే దగ్గరి రోజులు కొంతవరకు ఊహించవచ్చు, వచ్చే ఏడాది కుదరదు.

పరిష్కారం: అన్ని చక్రాలనూ ఒకదానిపై ఒకటి పేర్చకండి. తేదీల వరసలోనే గ్రాఫ్ గీయండి, వారానికోసారి చూసినా చాలు. మబ్బు పట్టిన రోజు ఖాళీగా వదిలేయండి. నిరుడు 7 దాకా పడి ఈసారి 5.9 దగ్గరే ఆగితే, పెన్ను తీసుకుని 5.9 అనే రాయండి.