ఫోక్స్‌వ్యాగన్ కాంబీ వ్యాన్ కార్బురేటర్ ట్యూనింగ్

1600 సీసీ ఎయిర్‌కూల్డ్ ఇంజిన్ మీది సోలెక్స్ 34 పిక్ట్-3 కార్బురేటర్‌ను (గాలి, పెట్రోల్ కలిపి ఇంజిన్‌కు పంపే భాగం) ముట్టుకునే ముందు వాల్వ్ గ్యాప్ (ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు 0.15 మి.మీ.), డిస్ట్రిబ్యూటర్ పాయింట్ల గ్యాప్ (0.4 మి.మీ.), ఇగ్నిషన్ టైమింగ్ (ప్లగ్‌లో మెరుపు వచ్చే క్షణం) సరిచూడండి. ఇవి తప్పితే కార్బురేటర్ ఎంత తిప్పినా దండగే.

కార్బురేటర్ ఎడమవైపు రెండు స్క్రూలుంటాయి: పెద్దది బైపాస్ (ఐడిల్, అంటే బండి ఆగి ఉన్నప్పటి ఇంజిన్ వేగాన్ని మార్చేది), చిన్నది మిక్స్చర్ (గాలి-పెట్రోల్ పాళ్లను మార్చేది). ఇంజిన్ ఆపి చిన్నదాన్ని మెల్లగా ఆనేదాకా లోపలికి తిప్పండి. బిగిస్తే మొన పాడవుతుంది. అక్కణ్నుంచి రెండున్నర చుట్లు విప్పండి. ఇంజిన్ బాగా వేడెక్కి, చోక్ పూర్తిగా తెరుచుకున్నాక బైపాస్‌తో 850 ఆర్‌పీఎం పెట్టండి. చిన్న స్క్రూతో వేగాన్ని గరిష్ఠానికి తెచ్చి, 20-30 ఆర్‌పీఎం పడేదాకా లోపలికి తిప్పి, మళ్లీ బైపాస్‌తో 850కి తీసుకురండి.

థ్రాటిల్ స్క్రూతో మాత్రం ఐడిల్ పెంచకండి. బటర్‌ఫ్లై (యాక్సిలరేటర్‌తో కదిలే గాలి తలుపు) ముందే తెరుచుకుంటే, అమీర్‌పేట సిగ్నల్ దగ్గర యాక్సిలరేటర్ తొక్కగానే ఇంజిన్ తడబడుతుంది.

ఇప్పుడు బంకుల్లో దొరికే ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్‌కు పాత రబ్బరు పైపులు మెత్తబడి కారతాయి. వేడి ఇంజిన్ మీద పడితే మంటలే. ముందు వాటిని ఇథనాల్‌కు తట్టుకునే పైపులతో మార్చండి. ఈ20తో మిక్స్చర్ పలచబడుతుంది కూడా (గాలికి తగినంత ఇంధనం అందదు): స్పార్క్ ప్లగ్ తెల్లగా కనిపిస్తే 127.5 మెయిన్ జెట్ (పెట్రోల్‌ను కొలిచి పంపే చిన్న రంధ్రమున్న భాగం) తీసి 130 వేసి చూడండి. లేత గోధుమ రంగు వస్తే సరిపోయినట్టే.