పియానో నోట్స్ అచ్చుకు సిద్ధం చేయడం – పాఠం 6: స్టెమ్ ఎటు? రెస్ట్ ఎవరిది?

నోట్ తలకు అంటుకుని ఉండే నిలువు గీత స్టెమ్, మౌనానికి వేసే గుర్తు రెస్ట్. ఈ పాఠం ఆ రెండింటి గురించే. పోయిన పాఠంలో దాచుకున్న ఫైలే తెరవండి. ఏ4 కాగితం, స్టేవ్ (నోట్స్ రాసే ఐదు గీతల వరస) ఎత్తు 7 మిల్లీమీటర్లు. అంటే పక్కపక్క గీతల మధ్య దూరం 1.75. ఇకపై దీన్ని ‘గడి’ అంటాం. గీతలు, గడులు రెండూ కింది నుంచి లెక్క. ట్రినిటీ, ఏబీఆర్‌ఎస్‌ఎం (లండన్ సంగీత పరీక్ష బోర్డులు) గ్రేడ్‌లకు చదివేవాళ్లు మన ఊళ్లో ఎక్కువ కాబట్టి క్రాచెట్ (4/4లో ఒక బీట్ నోట్), మినిమ్ (రెండు బీట్లది) అనే బ్రిటిష్ పేర్లే వాడుతున్నాం.

హైదరాబాద్‌లో కీబోర్డ్ నేర్పేవాళ్లు సినిమా పాటల్ని పియానోకి రాసుకుంటే ఒక చిక్కు తప్పకుండా వస్తుంది. కుడిచేతిలో పైన పాట కదులుతుంటుంది, కింద ఒక స్వరం నిలబడి ఉంటుంది. ఉదాహరణకు 4/4లో ఒక బార్ (నాలుగు బీట్ల భాగం): పైన ఇ, డి రెండు క్రాచెట్లు, ఆ తర్వాత సి మినిమ్. మొదటి రెండు బీట్ల కింద జి (2వ గీత) మినిమ్‌గా మోగుతూ ఉండాలి. రెండింటినీ ఒకే వాయిస్‌లో (ఒకే స్వరాల వరసలో) ఎక్కిస్తే జి-ఇ, జి-డి అని రెండు కార్డ్‌లు (కలిసి మోగే స్వరాలు) అవుతాయి, రెండు జిల మధ్య టై (రెండోదాన్ని మళ్లీ కొట్టకుండా కలిపే వంపు గీత) పెట్టాల్సి వస్తుంది. లెక్క తప్పు కాదు. కానీ వాయించేవాళ్లకు రెండో బీట్‌లో ముందు కార్డ్ కనబడుతుంది, టై ఆ తర్వాత కనబడుతుంది. ఈలోపు జి మళ్లీ మోగిపోతుంది.

దీనికి మందు రెండో వాయిస్. మ్యూజ్‌స్కోర్‌లో (నోట్స్ ఎక్కించే సాఫ్ట్‌వేర్) అయితే ముందు పాటను మొదటి వాయిస్‌లో పూర్తి చేయండి. బార్ మొదటికి వచ్చి, ‘ఎన్’ నొక్కి, కంట్రోల్+ఆల్ట్+2తో రెండో వాయిస్‌కి మారి జి మినిమ్ వేయండి. పాట స్టెమ్‌లన్నీ పైకి, జి స్టెమ్ కిందికి తిరుగుతాయి. ఇప్పుడు టై అక్కర్లేదు.

దీన్ని బట్టి పనిలో వరస కూడా తేలిపోతుంది. ఈ బార్‌లో ఎన్ని వాయిస్‌లు అన్నది ముందు తేల్చుకోవాలి, స్టెమ్ సంగతి ఆ తర్వాత.

వాయిస్ ఒక్కటే అయితే పెద్ద గొడవ లేదు. 3వ గీతకు పైనున్న నోట్‌కు స్టెమ్ కిందికి, తల ఎడమ పక్క నుంచి. కింద ఉన్నదానికి పైకి, కుడి పక్క నుంచి. సరిగ్గా 3వ గీత మీదే ఉంటే (పై స్వరాల స్టేవ్ అయిన ట్రెబుల్‌లో బి, కింది స్వరాల బేస్‌లో డి) కిందికి. పొడవు మూడున్నర గడులు, అంటే మన కొలతలో సుమారు 6.1 మిల్లీమీటర్లు. రెండు, అంతకంటే ఎక్కువ లెడ్జర్ లైన్లు (స్టేవ్ దాటిన నోట్‌కు వేసే చిన్న గీతలు) పడే నోట్‌కు మాత్రం స్టెమ్‌ను 3వ గీత దాకా లాగాలి. లేకపోతే ఆ నోట్ స్టేవ్‌తో సంబంధం లేనట్టు వేలాడుతుంది.

కార్డ్‌లో 3వ గీతకు ఏ నోట్ ఎక్కువ దూరమో దాని మాటే చెల్లుతుంది. మొదటి గడిలోని ఎఫ్, రెండో గడిలోని ఎ, 4వ గీత మీది డి తీసుకోండి. ఎఫ్ మూడు మెట్లు కింద, డి రెండు మెట్లు పైన ఉన్నాయి, కాబట్టి స్టెమ్ పైకి. దూరాలు సమానమైతే కిందికి. బీమ్ (స్టెమ్‌లను కలిపే మందపాటి గీత) కట్టిన గుంపుకూ అన్నిటికంటే దూరంగా ఉన్న నోటే దారి చూపుతుంది.

వాయిస్‌లు రెండైతే ఈ ఎత్తుల లెక్క పనికిరాదు. పై వాయిస్‌ది ఎంత పైనున్న నోటైనా స్టెమ్ పైకే, కింది వాయిస్‌ది కిందికే. టైలు కూడా అంతే: పైవాటి వంపు పైకి, కిందివాటిది కిందికి. సికింద్రాబాద్ చర్చి క్వైర్‌ల కోసం నాలుగు పార్ట్‌లను రెండు స్టేవ్‌ల్లో రాసేవాళ్లకు ఇది బాగా అలవాటే. ట్రెబుల్‌లో సొప్రానో పైకి, ఆల్టో కిందికి. బేస్‌లో టెనర్ పైకి, బేస్ గొంతు కిందికి.

రెండు వాయిస్‌లూ ఒకే స్వరం మీద కలిస్తే? రెండూ క్రాచెట్లయితే ఒకే తలకు రెండు స్టెమ్‌లు చాలు. క్రాచెట్, క్వేవర్ (క్రాచెట్‌లో సగం) కలిసినా తల ఒకటే, రెండూ నల్లవే కదా. ఒకటి మినిమ్, ఇంకొకటి క్రాచెట్ అయితే తలల్ని పక్కపక్కన పెట్టాలి. ఒకదానికి చుక్క (నిడివిని సగం పెంచే గుర్తు) ఉండి ఇంకొకదానికి లేకపోయినా అంతే.

పక్కపక్క స్వరాల (సెకండ్) దగ్గర ఎక్కువమంది తడబడతారు. ఒకే స్టెమ్ ఉన్న కార్డ్‌లో కింది నోట్ ఎడమకు, పై నోట్ కుడికి వెళ్తుంది. రెండు వాయిస్‌లైతే సరిగ్గా తలకిందులు: పై వాయిస్ నోట్ ఎడమకు, కింది వాయిస్ నోట్ కుడికి. పైకి వెళ్లే స్టెమ్ తల కుడి అంచున, కిందికి దిగేది ఎడమ అంచున ఉంటాయి. అందుకే ఇలా పెడితేనే రెండు స్టెమ్‌లూ దాదాపు ఒకే నిలువు వరసలో పడతాయి. సాఫ్ట్‌వేర్ ఇది తనంతట తానే చేస్తుంది. మౌస్‌తో జరిపి ‘సర్దడం’ మొదలుపెడితేనే పాడవుతుంది.

మళ్లీ మన బార్‌కి వద్దాం. జి అయిపోయాక 3, 4 బీట్లలో కింది వాయిస్‌కు మినిమ్ రెస్ట్ వచ్చి కూర్చుంది. ఉంచాలా, తీసేయాలా? కింది వాయిస్ సొంతంగా నడిచే గొంతైతే, వచ్చే బార్‌లో మళ్లీ పలికేదైతే ఉంచండి. నింపడానికి వేసిన ఒక్క స్వరమే అయితే రెస్ట్‌ను ఎంచుకుని డిలీట్ చేయండి. అయినా ఆ బార్ ముగిసేదాకా పాట స్టెమ్‌లు పైకే ఉండనివ్వండి. సి కిందికి తిరిగిపోతే ‘ఎక్స్’ కీతో మళ్లీ పైకి తిప్పండి.

ఉంచిన రెస్ట్‌ను జరపాల్సి వస్తే పూర్తి గడుల్లోనే జరపాలి, అరగడి కుదరదు. సెమీబ్రీవ్ (మినిమ్‌కు రెట్టింపు) రెస్ట్ మామూలుగా 4వ గీతకు వేలాడుతుంది, మినిమ్ రెస్ట్ 3వ గీత మీద కూర్చుంటుంది. ఎక్కడికి జరిపినా వాటికి ఒక గీత ఆనాలి. స్టేవ్ దాటి వెళ్తే చిన్న లెడ్జర్ లైన్ తోడు ఉండాలి. సాఫ్ట్‌వేర్ అవసరం లేకున్నా రెస్ట్‌ను దూరంగా తోసేస్తుంటుంది. పై నోట్‌కు తగలనంత వరకు స్టేవ్ లోపలికే లాగడం మా పద్ధతి. రెండు వాయిస్‌లకూ ఒకేసారి ఒకే రెస్ట్ వస్తే మధ్యలో ఒక్కటే చాలు.

రెస్ట్‌ల కూర్పు థియరీ పేపర్లలోనూ అడుగుతారు. 4/4లో 2, 3 బీట్లు ఖాళీ అయితే మినిమ్ రెస్ట్ వేయకూడదు, రెండు క్రాచెట్ రెస్ట్‌లే. 3/4లో రెండు బీట్లు ఖాళీ అయినా అంతే. 6/8లో బీట్ మొదట క్వేవర్ నోట్ ఉంటే తర్వాత రెండు క్వేవర్ రెస్ట్‌లు, ఒక క్రాచెట్ రెస్ట్ కాదు. బార్ మొత్తం ఖాళీ అయితే 3/4లో కూడా సెమీబ్రీవ్ రెస్టే, బార్ నడిమధ్యన.

ఇంకొక జబ్బు ఉంది. వాయిస్ ఒక్కటే ఉన్న బార్‌లలో స్టెమ్‌లన్నీ పైకే నిలబడి, ఎక్కడెక్కడో రెస్ట్‌లు తేలుతుంటాయి. రెండో వాయిస్‌ను ఎక్కడ ఆపాలో అక్కడ ఆపలేదన్నమాట. ఆ రెస్ట్‌ను ఎంచుకుని చూడండి, ఆకుపచ్చ రంగు వస్తే అది రెండో వాయిస్‌దే. వాటిని డిలీట్ చేస్తే స్టెమ్‌లు మామూలుగా తిరుగుతాయి. అప్పటికే ‘ఎక్స్’తో ఒక్కొక్కటే తిప్పేసి ఉంటే మాత్రం తిప్పినవన్నీ మళ్లీ ఆటోకి మార్చాలి.

అభ్యాసానికి మీకు నచ్చిన పాట పల్లవి 8 బార్‌లు తీసుకోండి. ముందు పెన్సిల్‌తో ప్రతి బార్ మీద 1 లేదా 2 అని వాయిస్‌ల సంఖ్య రాసి, ఆ తర్వాతే ఎక్కించండి. జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించేటప్పుడు ‘ఫిట్ టు పేజ్’ తీసేసి స్కేల్ 100 శాతం పెట్టమనండి. ఇంటికొచ్చాక స్కేల్‌తో స్టేవ్ ఎత్తు కొలవండి. 7 మిల్లీమీటర్లు లేకపోతే మళ్లీ తీయించాలి. ఏడో పాఠంలో ఎడమచేతి స్టేవ్ నుంచి కుడిచేతి స్టేవ్‌లోకి ఎక్కే బీమ్‌లు చూద్దాం.