చెక్క బాణాలకు తాత్కాలిక ములుకులు: సమస్యలు - పరిష్కారాలు

విల్లుకు తగిన బాణం తేలేవరకు ఒకే కాడకు 100, 125, 145 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బాణాల బరువుకు వాడే చిన్న కొలత) ములుకులను మార్చి మార్చి చూడవలసి ఉంటుంది. అందువల్ల తాత్కాలిక అమరిక గురిలోనుంచి బాణాన్ని లాగినప్పుడు ఊడకూడదు, విప్పదలచినప్పుడు చెక్కను పాడుచేయకూడదు. ఈ రెండింటికీ సరిపోయేది వేడికి కరిగే హాట్ మెల్ట్ జిగురే. గట్టిపడ్డాక సులువుగా విడవని ఎపాక్సీ జిగురును తుది అమరికకు ఉంచుకోవాలి.

ములికి గురిలోనే ఉండిపోతోంది

కొత్త ములికి లోపల తయారీనాటి నూనె మిగిలి ఉండడం, కాడ కొనకు వార్నిష్ అంటి ఉండడం, లోహం చల్లగా ఉండగానే జిగురు పూయడం దీనికి ముఖ్య కారణాలు. టేపు చుట్టి బిగించిన ములికి కూడా ఇలాగే ఊడుతుంది. ములికి లోపల స్పిరిట్‌తో తుడిచి, అది పూర్తిగా ఆరిన తరువాతే మంట దగ్గరకు తీసుకురావాలి. వేడెక్కిన ములికిని, జిగురు పూసిన కొనపై తిప్పుతూ నొక్కాలి. లోపల చిక్కుకున్న వేడిగాలి దానిని బయటికి నెడుతుంది కనుక చల్లారేవరకు గట్టి చెక్కకు ఆనించి పట్టుకోవడం తప్పనిసరి.

బాణాన్ని తిప్పితే ములికి ఊగుతోంది

తొందరపడి ములికిని మార్చే ముందు దోషం ఎక్కడుందో తేల్చుకోవాలి. ములికి అంచు దాటి ఉండేలా బాణాన్ని అద్దంపై దొర్లించి, మొన పైకి లేచిన వైపున కాడపై పెన్సిల్ గీత పెట్టండి. తరువాత వేడిచేసి ములికిని అరచుట్టు తిప్పి, మళ్లీ దొర్లించండి. ఊగు గీత వైపే నిలిస్తే కాడ వంగి ఉంది, లేదా కొన పక్కకు చెక్కబడింది. కాడను సరిచేసి, కొనను, పెన్సిల్ మొనలా సన్నగా చెక్కే 5 డిగ్రీల ట్యాపర్ టూల్‌తో మళ్లీ చెక్కాలి. ఊగు ఎదుటి వైపుకు మారితే ములికి రంధ్రమే వంకర, దానిని పక్కన పెట్టండి. ఊగు పోయిందంటే జిగురు ఒకచోట ముద్దకట్టినట్లే.

విప్పేటప్పుడు కొన నల్లబడుతోంది

మంట చెక్కకు తగులుతోంది. మొన చివరనే వేడిచేసి, జిగురు మెత్తబడగానే పటకారుతో తిప్పి లాగాలి. మాడిన చెక్క పెళుసుబారుతుంది. ఆ భాగాన్ని కోసి కొత్త కొన చెక్కాలి. పగులు కనిపించిన కాడను ఎట్టి పరిస్థితిలోనూ వింటినుంచి వదలకూడదు, వదిలిన క్షణంలో అది చేతిలోకి దిగగలదు.

ఈకలు లేని కాడ ఒక్కోసారి ఒక్కోచోట తగులుతోంది

ములికి బరువు కాడకు సరిపోయిందో తేల్చడానికి ఈకలు లేని కాడను ఈకలున్న బాణాలతో పాటు వదిలి చూస్తారు. మొదట ములికి పూర్తిగా కూర్చుందో లేదో చూసి, జిగురుతో సహా తూకం వేయండి. బాణాలు గురిలో ఒకేచోట గుంపుగా తగలడం మొదలైన తరువాతే ఫలితాన్ని చదవాలి: కుడిచేతి విలుకాడికి ఈకలున్న బాణాలకంటే ఎడమన తగిలితే కాడ బిగువు (వంగకుండా నిలిచే గుణం) ఎక్కువ, బరువైన ములికి కావాలి, కుడివైపు తగిలితే తేలికైనది కావాలి. కాడను కోస్తే బిగువు పెరుగుతుంది, కోసినది తిరిగి రాదు. కాబట్టి పొడవైన కాడతోనే మొదలుపెట్టి, ములుకులన్నీ చూశాకే కొద్దికొద్దిగా కోయాలి.