ఒక్క ఏ4 కాగితంతో ఉత్తుత్తి మతం

కాలేజీ ఫెస్టుకి ఉత్తుత్తి మతం పెట్టి, దాని గ్రంథాన్ని ఒక్క ఏ4 కాగితం మడిచిన 8 పేజీల చిట్టి పుస్తకంగా అమ్మాలంటే ముందు బేరం కుదుర్చుకోండి, దేవుడు తర్వాత. అమెరికాలోని డల్లాస్‌లో ఐవాన్ స్టాంగ్, ఫైలో డ్రమండ్ 1979లో పెట్టిన ఉత్తుత్తి మతం 'చర్చ్ ఆఫ్ ది సబ్‌జీనియస్' చేసింది ఇదే. ప్రవక్త బాబ్ డాబ్స్ నోట్లో పైపుతో నవ్వే సేల్స్‌మన్. మొహం పాత ప్రకటనల బొమ్మల్లోది. మోక్షం రాకపోతే మూడింతల డబ్బు వాపసు!

మనకు సరుకు తిరుపతి–చిత్తూరు బస్సులోనే ఉంది: టికెట్టు వెనక కండక్టరు రాసిచ్చే చిల్లర బాకీ. దేవుడి పేరు చిల్లరప్ప. 'శాంతి కలుగును' అంటే ఎవరూ నవ్వరు. 'నీ ఏడు రూపాయలు వచ్చే జన్మలో, చిత్తూరు బస్టాండులో, టీ కొట్టు పక్కన ముట్టును' అని పురాణం చదివే గొంతుతో రాయండి. లెక్క ఎంత కచ్చితమైతే అంత నవ్వు.

ప్రళయానికి తేదీ తప్పనిసరి, అది తప్పాక చెప్పే సాకు ఇంకా ముఖ్యం. స్టాంగ్ వాళ్ళు 1998 జూలై 5 ఉదయం 7 గంటలకు గ్రహాంతరవాసులు దిగుతారన్నారు. దిగలేదు. అంకెలు తలకిందులుగా చదివాం, అసలు సంవత్సరం 8661 అన్నారు. మనవాళ్ళు 'అది తేదీ కాదు, బాకీ' అనొచ్చు.

కాగితాన్ని అడ్డంగా పెట్టి 8 గళ్ళుగా మడవండి. కింది వరుసలో ఎడమ నుంచి 8, 1, 2, 3 పేజీలు నిటారుగా. పై వరుసలో 7, 6, 5, 4 తలకిందులుగా. నడిమి మడత మీద మధ్య రెండు గళ్ళ మేర, సుమారు 15 సెంటీమీటర్లు, కోయండి. అంచు దాకా కోస్తే పుస్తకం రెండు ముక్కలే. కోశాక పొడవునా సగానికి మడిచి, రెండు చివర్లనూ మధ్యకి నెట్టి పుస్తకంలా మూయండి. చుట్టూ 8 మిల్లీమీటర్లు వదలండి, జిరాక్స్ మిషన్ అంచులు మింగేస్తుంది.

నిజం దేవుళ్ళ పేర్లు, నామాలు, ఊళ్ళో పూజల జోలికి పోవద్దు. మత భావాలను ఉద్దేశపూర్వకంగా గాయపరిస్తే భారతీయ న్యాయ సంహిత 299వ సెక్షన్ కింద మూడేళ్ళ దాకా జైలు. తిరుమల కొండ మీద అన్యమత ప్రచారం నిషేధం; తమాషాకే అన్నా అక్కడ పంచొద్దు. తిరుపతి గంగ జాతరలో వేషాలేసి తిట్టడం ఆచారం కదా అని వాదించకండి, అది అమ్మవారి మొక్కు.

వెల 9 రూపాయలు పెట్టి, 8వ పేజీ ఖాళీగా ఉంచండి. పది నోటు ఇచ్చినవాళ్ళకి రూపాయి తిరిగివ్వొద్దు. ఆ పేజీ మీద 'బాకీ 1' అని రాసి, గుండ్రం చుట్టి, అర్థంకాని సంతకం పెట్టివ్వండి.