ఎంబీబీఎస్ కాలేజీని ఎలా ఎంచుకోవాలి? విశాఖ విద్యార్థులకు, తల్లిదండ్రులకు

కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు, అంటే ఏ కాలేజీలు కావాలో ఆన్‌లైన్‌లో వరుసగా పెట్టుకోవడానికి ఇచ్చే గడువు కొద్ది రోజులే. ఆ హడావుడిలో టెన్షన్ పడేకన్నా, నీట్ రాసొచ్చాక దొరికే ఖాళీ వారాల్లోనే ఈ పని మొదలుపెట్టండి. ఖర్చు, పేరు, దూరం అందరూ చూస్తారు. ఏది ముందు చూడాలన్న దగ్గరే చాలా ఇళ్లలో లెక్క తప్పుతుంది. నా మాట ఇది: ముందు పీజీ దాకా డబ్బు లెక్క, తర్వాత వార్డుల్లో రోగులు, ఆ తర్వాత దూరం. పేరు చివర.

1. ఏ సీటు ఎవరు ఇస్తారో తెలుసుకోండి

ఆంధ్ర మెడికల్ కాలేజీ లాంటి ప్రభుత్వ కాలేజీల్లో 15 శాతం సీట్లు ఆలిండియా కోటా కింద కేంద్రం తరఫున కౌన్సెలింగ్ జరిపే ఎంసీసీ (మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ) నింపుతుంది. మిగతావాటికి విజయవాడలోని ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ కౌన్సెలింగ్ జరుపుతుంది. ప్రైవేటు కాలేజీల కన్వీనర్ కోటా (తక్కువ ఫీజు సీట్లు), బీ కేటగిరీ (ఎక్కువ ఫీజు ఉండే మేనేజ్‌మెంట్ సీట్లు), ఎన్నారై సీట్లు కూడా దాని పరిధిలోనివే. రుషికొండ గీతం డీమ్డ్ యూనివర్సిటీ (యూనివర్సిటీ హోదా ఉన్న ప్రైవేటు సంస్థ) కాబట్టి దాని సీట్లు ఎంసీసీ ద్వారానే భర్తీ అవుతాయి. మన ఊళ్లోనే ఉంది కదా అని రాష్ట్ర జాబితాలో వెతికితే కనపడదు. డీమ్డ్ కాలేజీలకు రిజిస్ట్రేషన్ వేరు, 2 లక్షల డిపాజిట్ కూడా కట్టాలి.

విశాఖ పిల్లలు ఏయూ (ఆంధ్ర యూనివర్సిటీ ప్రాంతం) లోకల్ కిందికి వస్తారు. అదే ర్యాంకుతో కర్నూలు, తిరుపతి కాలేజీల్లో నాన్‌లోకల్‌గా పోటీ పడటం కష్టం. ఆ ఆశ ఎంతవరకు పెట్టుకోవచ్చో పోయిన ఏడాది కటాఫ్‌లు చూస్తే తెలిసిపోతుంది.

2. ఖర్చు మొత్తం ఒక కాగితం మీద రాయండి

ట్యూషన్ ఫీజు ఒక్కటి చూసి ఆగిపోవద్దు. హాస్టల్, మెస్, బస్సు, పరీక్ష ఫీజులు, డిపాజిట్లు అన్నీ విడివిడిగా రాయండి. కోర్సు నాలుగున్నర ఏళ్లు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్. ఫీజు నాలుగున్నర ఏళ్లకు తీసుకుంటారా, ఐదేళ్లకా అని కాలేజీ ఆఫీసులో సూటిగా అడగండి. బ్యాంకు గ్యారంటీ అడుగుతారేమో కూడా ముందే కనుక్కోండి.

'ప్రభుత్వ కాలేజీ' అన్న మాట చూసి చవక అనుకోవద్దు. విజయనగరంతో సహా 2023లో మొదలైన ఐదు కొత్త ప్రభుత్వ కాలేజీల్లో బీ కేటగిరీకి ఏడాదికి 12 లక్షలు, ఎన్నారై సీటుకు 20 లక్షలు అని అప్పట్లో జీవో వచ్చింది. మీకు వచ్చేది ఏ కేటగిరీ అన్నదే అసలు విషయం. ఈ ఏడాది ఫీజు నోటిఫికేషన్‌లో మీ కేటగిరీ పక్కన ఉన్న అంకె చూడండి.

అప్పు చేయాల్సి వస్తే ఈ లెక్క చూడండి. ఏటా 8 లక్షల చొప్పున ఐదేళ్లు, మొత్తం 40 లక్షలు లోన్ తీసుకున్నారు, వడ్డీ 10 శాతం అనుకుందాం. ఇంటర్న్‌షిప్ కూడా అయ్యాక ఇంకో ఏడాది దాకా కంతులు కట్టక్కర్లేదు, కానీ వడ్డీ మాత్రం మొదటి రోజు నుంచే నడుస్తుంది. సాధారణ వడ్డీ వేసుకున్నా, కంతులు మొదలయ్యేనాటికి బాకీ 58 లక్షలు. దాన్ని పదేళ్లలో తీర్చాలంటే నెలకు 76 వేలకు పైనే కట్టాలి. మీకు తెలిసిన డ్యూటీ డాక్టర్ ఎవరినైనా జీతం ఎంతో అడిగి, ఆ అంకెను దీని పక్కన పెట్టి చూడండి. సరిగ్గా అప్పుడే మీ అబ్బాయో అమ్మాయో పీజీకి చదువుతుంటారు, చేతికి జీతమే రాకపోవచ్చు.

అందుకే చెబుతున్నాను, ఉన్న పొలమో స్థలమో మొత్తం ఎంబీబీఎస్‌కే అమ్మేయకండి. కన్వీనర్ సీటు శ్రీకాకుళంలో వచ్చినా, పాడేరులో వచ్చినా, ఇంటి పక్క బీ కేటగిరీ సీటు కన్నా దానికే నా ఓటు.

3. స్వయంగా వెళ్లి ఓపీ చూడండి

వైద్యం చేతితో నేర్చుకునే విద్య. రోగులు లేని ఆస్పత్రిలో ఎంత మంచి భవనం ఉన్నా ఉపయోగం లేదు. సోమవారం ఉదయం పది గంటలకు ఆంధ్ర మెడికల్ కాలేజీ ఆస్పత్రి కేజీహెచ్ ఓపీకి వెళ్లి అరగంట నిలబడండి. ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి, ఒడిశా నుంచి వచ్చినవాళ్లు చీటీలు పట్టుకుని వరుసల్లో ఉంటారు. పక్కనే హౌస్ సర్జన్ (ఇంటర్న్‌షిప్ చేస్తున్న విద్యార్థి) ఒకరి బీపీ చూస్తూనే ఇంకొకరి రిపోర్టు అందుకుంటూ కనిపిస్తాడు. ఘోషాస్పత్రి, ఛాతీ ఆస్పత్రి, కంటి ఆస్పత్రి, మానసిక వైద్యశాల కూడా ఆంధ్ర మెడికల్ కాలేజీకి అనుబంధమే.

మీరు అనుకుంటున్న మిగతా కాలేజీలకూ అదే రోజు, అదే వేళకు వెళ్లి పోల్చండి. లాబీలో జనాన్ని కాదు, వార్డుల్లో మంచాలు చూడాలి. తర్వాత క్యాంటీన్ దగ్గర హౌస్ సర్జన్లను పలకరించండి. 'లేబర్ రూమ్‌లో డ్యూటీ వేస్తే మీ చేతికి కేసులు వస్తాయా?', 'కుట్లు మీరే వేస్తారా?', 'రాత్రి క్యాజువాల్టీలో ఎవరుంటారు?', 'స్టైపెండ్ నెలనెలా పడుతోందా?' ఈ నాలుగూ అడిగితే చాలు. బ్రోషర్‌లో లేని విషయాలు పది నిమిషాల్లో తెలుస్తాయి.

4. పేరుకు ఎంత విలువ ఇవ్వాలి?

1923లో మొదలైన ఆంధ్ర మెడికల్ కాలేజీ పేరు ఊరికే రాలేదు, వందేళ్లుగా వచ్చిన రోగుల వల్ల వచ్చింది. సీనియర్లు అన్ని చోట్లా ఉంటారు, సలహా దొరుకుతుంది. కానీ నీట్ పీజీ ర్యాంకు కాలేజీ పేరు చూడదు. రేపు రోగి కూడా ఎండీనా, ఎంఎస్సా అని అడుగుతాడే తప్ప ఎంబీబీఎస్ ఎక్కడ చదివారని అడగడు. రెండు కాలేజీల మధ్య తేడా పేరు మాత్రమే అయితే దానికి లక్షలు పెట్టకండి.

5. దూరం

మర్రిపాలెంలో ఇల్లు, కేజీహెచ్‌లో సీటు అయితే ఇంటి నుంచే వెళ్లిరావచ్చు. గాజువాకలో ఇల్లు, సంగివలసలో కాలేజీ అంటే ఊరి ఈ చివర నుంచి ఆ చివర దాటి వెళ్లాలి. అలాంటప్పుడు హాస్టల్ ఖర్చు మొదటి రోజు నుంచే లెక్కలో వేసుకోండి, మొదటి ఏడాది అనాటమీ చదువుతూ రోజూ బస్సులో అన్ని గంటలు పోగొట్టుకోలేరు. విజయనగరం రైల్లో గంట ప్రయాణం, దాన్ని దూరం అనుకోవద్దు. ఆడపిల్లలైతే హాస్టల్ నుంచి ఆస్పత్రికి రాత్రి డ్యూటీకి వెళ్లే దారి ఎలా ఉందో చీకటి పడ్డాక ఒకసారి నడిచి చూడండి.

6. ఆప్షన్లు పెట్టేటప్పుడు

నిజంగా ఇష్టమైన వరుసలోనే పెట్టండి, 'ఇది ఎలాగూ రాదు' అని కింద పడేయకండి. రెండో విడతలో పై ఆప్షన్ వస్తే ముందున్న సీటు దానంతటదే పోతుంది, వెనక్కి రాదు. కాబట్టి ఇప్పుడున్న సీటు కన్నా నిజంగా మెరుగైనవే దాని పైన ఉంచండి. మధ్యలో సీటు వదిలేస్తే కట్టాల్సిన పెనాల్టీ ఎంతో ప్రాస్పెక్టస్‌లో చదవండి. రిపోర్ట్ చేసే రోజు ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చేయాలి కనుక ముందే అన్నీ స్కాన్ చేసి, నాలుగైదు సెట్లు జిరాక్స్ తీసి ఉంచుకోండి. ఏ కాగితం ఇచ్చినా, ఎంత డబ్బు కట్టినా రసీదు తీసుకోండి.