బాక్స్ కొనాలా, విండోస్ ఫైర్‌వాల్ చాలా? ఆఫీసు నెట్‌వర్క్ సమస్యలు - పరిష్కారాలు

ఆఫీసులో నెట్‌వర్క్ ఎక్కడ ఆగినా రెండు సలహాలు రెడీగా ఉంటాయి. "ఫైర్‌వాల్ ఆఫ్ చేసి చూడండి సార్" అనేది ఒకటి. "బాక్స్ పెట్టించుకోండి సార్, ఈ గోల ఉండదు" అనేది ఇంకొకటి. మొదటిది ప్రమాదం, రెండోది చాలాసార్లు డబ్బు దండగ. ఏదో ఒకటి ఎంచుకునే ముందు, ఆగిపోయిన ట్రాఫిక్ ఏ దారిలో వెళ్తోందో చూడాలి.

ఫైర్‌వాల్ అంటే వచ్చీపోయే ట్రాఫిక్‌ని చూసి, వద్దన్నదాన్ని ఆపేది. దాన్నే విడి పరికరంగా అమ్మితే అది బాక్స్. ఈ హార్డ్‌వేర్ బాక్స్ ఆఫీసుకీ ఇంటర్నెట్‌కీ మధ్య ఉంటుంది. తన గుండా పోయేదే దానికి కనిపిస్తుంది. ఒకే నెట్‌వర్క్ స్విచ్‌కి (ఆఫీసు కేబుళ్లన్నీ కలిసే డబ్బా) తగిలించిన రెండు సిస్టమ్‌లు మాట్లాడుకుంటే దానికి తెలియదు. విండోస్‌లో ఉండే ఫైర్‌వాల్ తన సిస్టమ్‌కి వచ్చేది పక్క సీటు నుంచైనా, విదేశాల నుంచైనా ఆపగలదు, కానీ పక్క సిస్టమ్ సంగతి దానికి పట్టదు. పైగా మామూలు సెట్టింగ్‌లో లోపలికి వచ్చేదాన్నే ఆపుతుంది, బయటికి పోయేదాన్ని వదిలేస్తుంది. పది నుంచి ముప్ఫై సిస్టమ్‌ల ఆఫీసుల్లో, అంటే ఆడిటర్ ఆఫీసులు, క్లినిక్‌లు, డిస్ట్రిబ్యూటర్ గోడౌన్లలో వచ్చే సమస్యలు చాలావరకు ఈ తేడా దగ్గరే తేలిపోతాయి.

ట్యాలీ ఎడ్యుకేషనల్ మోడ్‌లోకి పోయింది, షేర్ ఫోల్డర్ రావడం లేదు

లక్షణం: లైసెన్స్ ఉన్న సిస్టమ్‌లో ట్యాలీ బాగానే ఉంది. మిగతావాటిలో ఎడ్యుకేషనల్ మోడ్ అంటోంది, అంటే లైసెన్స్ దొరకలేదని. షేర్ చేసిన ప్రింటర్ కూడా మాయమైంది. నిన్ననే రౌటర్ మార్చారు.

కారణం: రౌటర్ మారితే విండోస్ దృష్టిలో అది కొత్త నెట్‌వర్క్. కొత్తదాన్ని మామూలుగా పబ్లిక్ ప్రొఫైల్‌లో, అంటే నమ్మకం లేని నెట్‌వర్క్‌ల సెట్టింగ్‌లో వేస్తుంది. పబ్లిక్‌లో ఫైల్ షేరింగ్ మూసి ఉంటుంది. ట్యాలీ లైసెన్స్ గేట్‌వే వాడే 9999 పోర్టుకి (పోర్టు అంటే సిస్టమ్‌లోకి వచ్చే నంబరు తలుపు) ఫైర్‌వాల్ రూల్ ప్రైవేట్ ప్రొఫైల్‌కి మాత్రమే రాసి ఉంటే అదీ ఆగిపోతుంది.

పరిష్కారం: నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ప్రొఫైల్‌ని ప్రైవేట్‌కి మార్చండి. సర్వర్ సిస్టమ్‌లో టీసీపీ 9999కి ఒక ఇన్‌బౌండ్ (లోపలికి రానిచ్చే) రూల్ రాసి, స్కోప్ దగ్గర లోకల్ సబ్‌నెట్ (ఆఫీసు నెట్‌వర్క్ మాత్రమే) అని పెట్టండి. ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ రూల్స్‌ని ప్రైవేట్‌కి మాత్రమే ఆన్ చేయండి. అయినా రాకపోతే యాంటీవైరస్‌ని అనుమానించాలి. చాలా యాంటీవైరస్ ప్యాకేజీలు విండోస్ ఫైర్‌వాల్‌ని పక్కకి నెట్టి తమది పెట్టుకుంటాయి. అప్పుడు మీరు విండోస్‌లో ఎన్ని రూల్స్ రాసినా ఉపయోగం లేదు. ఏది పని చేస్తోందో విండోస్ సెక్యూరిటీ తెరిస్తే కనిపిస్తుంది.

కారణం ఏదో తేల్చడానికి ఫైర్‌వాల్‌ని రెండు నిమిషాలు ఆపి చూడొచ్చు. ట్యాలీ రాగానే "హమ్మయ్య" అని అలాగే వదిలేసి వెళ్లిపోతారు చూడండి, తర్వాతి సమస్య అక్కడే మొదలవుతుంది. ఇక బాక్స్ విషయానికొస్తే, ఈ ట్రాఫిక్ దాని గుండా పోదు కాబట్టి ఎంత ఖరీదైనది కొన్నా ఈ లక్షణం మారదు.

ఒక సిస్టమ్‌లో పడ్డ వైరస్ ఆఫీసంతా పాకింది

లక్షణం: ఎవరో ఒక మెయిల్ అటాచ్‌మెంట్ తెరిచారు. సాయంత్రానికి అన్ని సిస్టమ్‌ల ఫైళ్లూ లాక్.

కారణం: లోపల అడ్డు లేకపోవడం. 2017 మేలో వచ్చిన, ఫైళ్లని లాక్ చేసే వాన్నాక్రై వైరస్ ఇలాగే పాకింది. విండోస్ ఫైల్ షేరింగ్ వాడే 445 పోర్టులోని లోపం దానికి దారి. మైక్రోసాఫ్ట్ ప్యాచ్ అదే ఏడాది మార్చిలోనే ఇచ్చింది, వేసుకోనివాళ్లు దొరికిపోయారు. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా అప్పుడు దెబ్బతిన్నాయి. గేటు దగ్గర బాక్స్ ఉన్నా, ఒక్క ల్యాప్‌టాప్ ఇంటి దగ్గర అంటించుకుని వచ్చి స్విచ్‌కి తగిలితే చాలు.

పరిష్కారం: ప్రతి సిస్టమ్‌లో ఫైర్‌వాల్ ఆన్‌లో ఉండాలి, బాక్స్ ఉన్నా లేకపోయినా. ఫోల్డర్లు షేర్ చేసేది సర్వర్ సిస్టమ్ ఒక్కటే అయితే లోపలికి 445 దానికే తెరవండి, మిగతావాటికి మూసేయండి. అప్‌డేట్లు వేయండి. ఆ తర్వాత వీలాన్‌లు, అంటే ఒకే స్విచ్‌ని వేర్వేరు నెట్‌వర్క్‌లుగా విడగొట్టడం: సీసీటీవీ డీవీఆర్, గెస్ట్ వైఫై, అకౌంట్స్ సిస్టమ్‌లు వేర్వేరు వీలాన్‌లలో పెట్టి, వాటి మధ్య ట్రాఫిక్ బాక్స్ గుండా పోయేలా చేస్తే అప్పుడు అది లోపలి గొడవలు కూడా చూడగలుగుతుంది. దీనికి మేనేజ్డ్ స్విచ్, అంటే సెట్టింగ్‌లు మార్చుకోగలిగే స్విచ్ కావాలి. చాలామంది బాక్స్ మీద వేలకు వేలు పెట్టి స్విచ్ దగ్గర పొదుపు చేస్తారు. అలా చేస్తే బాక్స్ సగం పని చేయనట్టే.

రిమోట్ డెస్క్‌టాప్ మీద ఎవరో తలుపు కొడుతున్నారు

లక్షణం: సర్వర్ యూజర్లు మాటిమాటికీ లాకౌట్ అవుతున్నారు. సెక్యూరిటీ లాగ్ తెరిస్తే 4625 నంబరు ఈవెంట్లు (విఫలమైన లాగిన్‌లు) వరసపెట్టి ఉన్నాయి, యూజర్ పేర్లేమో మనవాళ్లవి కావు.

కారణం: ఇంటి నుంచి పని చేసుకోవడానికి ఎవరో రౌటర్‌లో రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్టు ఫార్వర్డ్ చేశారు, అంటే ఇంటర్నెట్ నుంచి నేరుగా సర్వర్‌కి దారి తెరిచారు. ఇంటర్నెట్‌ని ఇరవై నాలుగు గంటలూ జల్లెడ పట్టే స్కానర్లకి అది దొరుకుతుంది. పోర్టు నంబరు మార్చినా అవి కొన్నాళ్లకి పట్టేస్తాయి.

పరిష్కారం: ఆ ఫార్వర్డింగ్ ఈరోజే తీసేయండి. దాని బదులు వీపీఎన్, అంటే బయటి నుంచి ఆఫీసులోకి ఎన్‌క్రిప్ట్ చేసిన ప్రైవేట్ దారి. ఇక్కడ బాక్స్ కొనడానికి నిజమైన కారణం ఉంది. ఆఫీసు మొత్తానికి ఒకే చోట వీపీఎన్, ఎవరు ఎప్పుడు వచ్చారో లాగ్, ఉద్యోగం మానేసినవాళ్ల యాక్సెస్ ఒక్క క్లిక్‌తో రద్దు. ఇద్దరు ముగ్గురే ఇంటి నుంచి వచ్చేవాళ్లయితే ఒక సిస్టమ్‌లో వైర్‌గార్డ్ అనే వీపీఎన్ సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నా సరిపోతుంది.

అన్నీ పెట్టినా వీపీఎన్ కనెక్ట్ కాకపోతే బాక్స్‌ని తిట్టే ముందు దాని వ్యాన్ అడ్రస్ (ఇంటర్నెట్ వైపు ఐపీ అడ్రస్) చూడండి. 100.64 నుంచి 100.127 మధ్యతో మొదలైతే మీ ఇంటర్నెట్ కంపెనీ చాలామంది కస్టమర్లకి ఒకే పబ్లిక్ అడ్రస్ పంచుతోందని అర్థం. దాన్ని ఏ బ్రాండ్ బాక్సూ సరిచేయలేదు, మీకే విడిగా ఇచ్చే స్టాటిక్ ఐపీ అడగాల్సిందే. వ్యాన్ అడ్రస్ 192.168తో మొదలైతే ఫైబర్ మోడెమ్ ఒకసారి, బాక్స్ ఒకసారి న్యాట్ (అడ్రస్ మార్పిడి) చేస్తున్నాయి. మోడెమ్‌ని బ్రిడ్జ్ మోడ్‌లో (న్యాట్ చేయకుండా దాటించేలా) పెట్టించి, పీపీపీఓఈ లాగిన్ (ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చే యూజర్ పేరు, పాస్‌వర్డ్) బాక్స్‌లో ఇవ్వండి. ఇది చేశాక కొన్ని సైట్లు సగం తెరుచుకుని ఆగిపోతుంటే ప్యాకెట్ల సైజు పరిమితులైన ఎంటీయూ 1492కి, ఎంఎస్ఎస్ 1452కి తగ్గించండి.

బాక్స్ పెట్టాక నెట్ నెమ్మదించింది

లక్షణం: లైన్ 1 జీబీపీఎస్, బాక్స్ మీద 5 జీబీపీఎస్ అని రాసి ఉంది. స్పీడ్ టెస్ట్‌లో మాత్రం లైన్ వేగంలో సగం కూడా రావడం లేదు.

కారణం: బ్రోషర్‌లో పెద్ద అక్షరాల్లో ఉండే అంకె ఏ తనిఖీ లేకుండా ప్యాకెట్లు దాటించే వేగం. ఉదాహరణకి ఫోర్టిగేట్ 40ఎఫ్‌కి ఫైర్‌వాల్ వేగం 5 జీబీపీఎస్, థ్రెట్ ప్రొటెక్షన్ (వైరస్‌లు, దాడుల తనిఖీ) ఆన్ చేస్తే 600 ఎంబీపీఎస్. ఎన్‌క్రిప్ట్ అయి వచ్చే హెచ్‌టీటీపీఎస్ వెబ్ ట్రాఫిక్‌ని విప్పి చూడమంటే (దీన్నే ఎస్ఎస్ఎల్ ఇన్‌స్పెక్షన్ అంటారు) ఇంకా పడిపోతుంది. ఇది ఒక్క కంపెనీ సంగతి కాదు, అందరి డేటాషీట్లూ ఇలాగే ఉంటాయి.

పరిష్కారం: కొనే ముందైతే, థ్రెట్ ప్రొటెక్షన్, ఎస్ఎస్ఎల్ ఇన్‌స్పెక్షన్ అని రాసిన వరసలే చూసి లైన్ వేగంతో పోల్చండి. కొనేశాకైతే, సీపీయూ గ్రాఫ్ నిండిపోతోందేమో గమనించి, విప్పి చూసే తనిఖీని అవసరమైన గ్రూపులకే పెట్టండి. బ్యాంకులు, జీఎస్టీ, ఆదాయపు పన్ను సైట్లని దాని నుంచి మినహాయించండి. లేకపోతే సర్టిఫికెట్ ఎర్రర్లు, రిటర్నుల ఆఖరి రోజున ఊరికే టెన్షన్. మిగతావాటికి బాక్స్ ఇచ్చే రూట్ సర్టిఫికెట్‌ని (బ్రౌజర్ బాక్స్‌ని నమ్మేలా చేసే ఫైలు) అన్ని సిస్టమ్‌లలో ఎక్కించాలి.

యూట్యూబ్ బ్లాక్ చేసినా క్రోమ్‌లో వస్తోంది

క్రోమ్ యూడీపీ 443 మీద క్విక్ అనే దారిలో వెళ్తోంది, మీ వెబ్ ఫిల్టర్ పాత దారి అయిన టీసీపీనే చూస్తోంది. బాక్స్‌లో యూడీపీ 443 ఆపేయండి. బ్రౌజర్ పాత దారికి తిరిగొస్తుంది.

ఒక రోజు పొద్దున్నే ఒక్క సైటూ తెరుచుకోలేదు

కారణం చాలాసార్లు లైసెన్స్. వెబ్ ఫిల్టర్ సబ్‌స్క్రిప్షన్ అయిపోతే కొన్ని బాక్సులు సైట్ల వర్గం తెలుసుకోలేక అన్నిటినీ ఆపేస్తాయి. అప్పటికప్పుడు పాలసీలోంచి వెబ్ ఫిల్టర్ తీసేస్తే నెట్ వస్తుంది, తర్వాత రెన్యువల్. బాక్స్ ధర అడిగినప్పుడే మూడేళ్ల రెన్యువల్ ధర కూడా కాగితం మీద రాయించుకోండి.

అప్‌డేట్లు ఆగిన బాక్స్ అంతకంటే ప్రమాదం. అదీ ఒక కంప్యూటరే. 2020 ఏప్రిల్‌లో సోఫోస్ ఎక్స్‌జీ మీద, 2024 ఏప్రిల్‌లో పాలో ఆల్టో మీద దాడులు జరిగింది ఆ బాక్సుల్లోని లోపాల ద్వారానే. అడ్మిన్ పేజీ ఇంటర్నెట్ వైపు కనిపించకుండా మూసి ఉంచండి. సోఫోస్ 2014లో కొనేసిన అహ్మదాబాద్ కంపెనీ సైబరోమ్ పాత డబ్బా ఇంకా మీ ర్యాకులో తిరుగుతుంటే దాన్ని దించేయండి.

ఆడిట్‌లో లాగ్‌లు అడిగారు, లేవు

కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం కంపెనీలు తమ లాగ్‌లని 180 రోజులు దాచాలి, ఆ ఆదేశాల్లో పేర్కొన్న రకాల సైబర్ ఘటనలు జరిగితే తెలిసిన 6 గంటల్లో ఆ సంస్థకి చెప్పాలి. విండోస్ ఫైర్‌వాల్ మామూలుగా ఆపిన ప్యాకెట్లని రాయదు. ఆన్ చేసినా ఫైలు సైజు 4 ఎంబీ దగ్గరే ఉంటుంది. ఇరవై సిస్టమ్‌లలో ఇవన్నీ ఏరుకోవడం కంటే బాక్స్ నుంచి, లాగ్‌లని ఒకచోట చేర్చే సిస్‌లాగ్ సర్వర్‌కి పంపడం తేలిక. డిస్క్ లేని చిన్న మోడళ్లలో లాగ్‌లు ఎక్కువ రోజులు నిలవవు కాబట్టి ఆ సర్వర్ తప్పదు.

మరి ఏది తీసుకోవాలి?

అయిదారు సిస్టమ్‌లు, బయటి నుంచి ఎవరూ రారు, సర్వర్ లేదు: విండోస్ ఫైర్‌వాల్‌ని సరిగ్గా పెట్టుకుంటే బాక్స్ అక్కర్లేదు. ఇంటి నుంచి పని, రెండో బ్రాంచి, రెండు ఇంటర్నెట్ లైన్లు, గెస్ట్ వైఫై, లాగ్‌ల బాధ్యత, వీటిలో రెండు మూడు ఉంటే బాక్స్ తీసుకోండి, సిస్టమ్‌లలో ఉన్నదాన్ని మాత్రం ఆపొద్దు.

మధ్యలో ఇంకో దారి ఉంది. పీఎఫ్‌సెన్స్ లేదా ఓపీఎన్‌సెన్స్ అనే ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్‌ని రెండు ల్యాన్ పోర్టులున్న చిన్న పీసీలో వేయడం. రెండూ ఫ్రీబీఎస్‌డీ ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడుస్తాయి, ఉచిత ఎడిషన్లకి ఏటా లైసెన్స్ కట్టక్కర్లేదు, వీపీఎన్, వీలాన్, రెండు లైన్ల ఫెయిలోవర్ (ఒకటి ఆగితే ఇంకోదానికి మారడం) అన్నీ ఉన్నాయి. ల్యాన్ కార్డులు ఇంటెల్‌వి చూసుకోండి, రియల్‌టెక్‌తో తలనొప్పులు వస్తాయి. నాకు వ్యక్తిగతంగా ఇదే ఇష్టం. అయితే రాత్రి పదింటికి అది ఆగితే ఫోన్ ఎత్తే మనిషి మీ దగ్గర ఉన్నప్పుడే. లేకపోతే సపోర్ట్ ఒప్పందంతో వచ్చే బాక్స్‌కే డబ్బు పెట్టండి. ఏది పెట్టినా ఫైబర్ మోడెమ్, ఫైర్‌వాల్, స్విచ్ మూడూ ఒకే యూపీఎస్ మీద ఉండాలి.